కడపటి కావలి

గగనతలమున రెండు విమానములు ఢీకొనబోయి తప్పించుకొన్నవను వార్త వచ్చినప్పుడెల్ల లోకమునుండి వెలువడు తీర్పు ఒక్కటే: "యంత్రము కాపాడినది." చదువరి నిట్టూర్చి పుట త్రిప్పును. విమానసంస్థవారు తమ సిబ్బంది నియమానుసారముగనే నడచుకొనిరని ప్రకటింతురు. ప్రభుత్వమువారు విచారణకు ఉత్తరువు చేసితిమందురు. అంతటితో కథ ముగియును. ఈ సంతృప్తి మాకు సమ్మతము కాదు. విమానమున ఢీ హెచ్చరిక మ్రోగెననగా, అంతకుముందే నేలమీది కావలి ఎచ్చటనో సడలెనని అర్థము. అర్ధరాత్రి దొంగ గోడ దూకినపుడు కుక్క మొఱిగి ఇంటివారిని లేపినచో ఆ కుక్కను మెచ్చుకొనవలసినదే. కాని తెల్లవాఱిన పిమ్మట వాకిటి గడియ ఏల వేయలేదని అడుగని గృహస్థుని ఏమనవలెను?

"జహీరాబాదువారికి విమానముల గొడవ ఏల?" యని పఠనమందిరమున కూర్చున్న మిత్రులు కొందఱు అడుగవచ్చును. ఒక్కసారి తలయెత్తి చూడుడని మా ప్రత్యుత్తరము. మనకు తూర్పున రమారమి నూరు కిలోమీటర్ల దూరమున హైదరాబాదు కలదు. అచ్చట శంషాబాదు విమానాశ్రయము 2008 మార్చినుండి నడచుచున్నది. దుండిగల్లున వైమానికదళ అకాడమీ, హకీంపేటలో ఆ దళమువారి శిక్షణ స్థావరము కలవు. మనకు ఉత్తరమున ఇంచుమించు ముప్పది కిలోమీటర్ల దూరమున బీదరు వైమానికదళ స్థావరమున యువసైనికులు యుద్ధవిమానముల నడుపుట నేర్చుకొనుచుందురు. 2020 ఫిబ్రవరిలో ఆ స్థావరమునుండియే ప్రయాణవిమానములకును దారి తెఱచిరి. అనగా మన చెరకుతోటలపైని ఆకాశము సైనికులకును సామాన్యులకును ఉమ్మడి సొత్తు. మఱియు మన ప్రాంతమునుండి పొట్టకూటికై గల్ఫుదేశములకు పోవు బిడ్డలందఱు విమానమెక్కియే పోవుచున్నారు. కావున ఈ గొడవ ధనవంతుల గొడవ యని త్రోసిపుచ్చుటకు వీలులేదు.

మొదట విషయమును విశదపఱచెదము. మార్గమధ్యమున రెండు విమానములు ఒకదానిపై నొకటి పోవునపుడు వాని నడుమ వేయి అడుగుల ఎడముండవలెను. అంత ఎడము లేనిచో రాడారు కనుసన్నలలో ప్రక్కకు సాధారణముగ అయిదు నాటికల్ మైళ్ల ఎడముండవలెను. విమానాశ్రయ సమీపమున ఇది మూడు మైళ్లకు తగ్గును. ఈ ఎడమును కాపాడువాడు నేలమీద రాడారు తెర యెదుట కూర్చున్న నియంత్రణాధికారి. పూర్వము ఇరువదితొమ్మిదివేల అడుగులకు పైని రెండువేల అడుగుల ఎడము పాటింపబడుచుండెను. ఎత్తుకొలుచు సాధనములు నిక్కచ్చియైన పిమ్మట, 2003 నవంబరు 27 నుండి, మన దేశమున నలుబదియొక్కవేల అడుగులవఱకును దానిని సగమునకు తగ్గించిరి. ఆకాశమున అంతస్తులు పెరిగినవి, విమానములకు చోటు కలిగినది. ఇందు తప్పులేదు. కాని అధికారి పొరపాటు పడినపుడు దిద్దుకొనుటకు మిగులు జాగయు సగమైనదని మఱువరాదు.

ఈ కావలి తప్పినపుడు పనిచేయుటకే విమానమున ఒక పెట్టె అమర్పబడినది. టీకాస్ అని దానిని పిలుతురు. అది చుట్టునున్న విమానములను రేడియో సంకేతముతో మాటిమాటికి ప్రశ్నించును. వానిలోని ట్రాన్స్‌పాండరులు ప్రత్యుత్తరమిచ్చును. ఆ జవాబులనుబట్టి దూరమును, ఎత్తును, దగ్గఱకు వచ్చు వేగమును ఆ పెట్టె లెక్కకట్టును. ప్రమాదము తలయెత్తినచో ముందుగా "ట్రాఫిక్, ట్రాఫిక్" అని అఱచును. ఢీకొనుటకు పదునైదు మొదలు ముప్పదియైదు సెకండ్లలోపల ఇక ఆజ్ఞయే ఇచ్చును: ఒక విమానమునకు పైకి పొమ్మనియు, రెండవదానికి క్రిందికి దిగుమనియు. రెండు పెట్టెలును తమలో తాము మాటలాడుకొని, ఇరువురికి ఒకే ఆజ్ఞ కలుగకుండ చూచుకొనును. ఎదురెదురుగా వచ్చు రెండు జెట్ విమానముల నడుమ అయిదు నాటికల్ మైళ్లు కరగిపోవుటకు ఇరువది సెకండ్లు చాలును. అంత స్వల్పకాలములో ఇంతటి పని చేయు యంత్రమును నిందించుట మా ఉద్దేశ్యము కాదు. దాని పేరు చెప్పి తమ బాధ్యతను దించుకొనువారితోనే మా వివాదము.

మన హైదరాబాదునకే సంబంధించిన సంఘటన నొకదానిని చూడుడు. 2018 జూలై 10వ తేదీన కోయంబత్తూరునుండి హైదరాబాదునకు వచ్చుచున్న ఇండిగో విమానమును, బెంగుళూరునుండి కొచ్చికి పోవుచున్న అదే సంస్థవారి మఱియొక విమానమును బెంగుళూరు ఆకాశమున దగ్గఱకు వచ్చినవి. రెండింటిలోను కలిపి ఇంచుమించు మున్నూటముప్పదిమంది ఉండిరి. ఎత్తులో వాని నడుమ మిగిలిన ఎడము 200 అడుగులని నాడు వార్తలు వెలువడినవి. హెచ్చరిక మ్రోగినది, చోదకులు పాటించిరి, అందఱును క్షేమముగ దిగిరి. అదే సంవత్సరము ఫిబ్రవరి 7న ముంబయి ఆకాశమున ఎయిరిండియా, విస్తారా విమానముల నడుమ 100 అడుగులే మిగిలినవి. అచ్చటను పెట్టెయే కాపాడినది. వేయి అడుగులు ఉండవలసినచోట ఇన్నూరు, నూరు అడుగులు మిగులుట అదృష్టమని మురియుదమా? ఎనిమిదివందలు, తొమ్మిదివందల అడుగులు ఎవరి చేతిలో జారిపోయినవని అడుగుదమా?

కడపటి కావలిపైననే ఆధారపడువారికి చరిత్ర మూడు పాఠములు చెప్పుచున్నది.

మొదటిది మన దేశమునందే జరిగినది. 1996 నవంబరు 12 సాయంకాలము హర్యానాలోని చర్ఖీదాద్రి సమీపమున, ఢిల్లీనుండి బయలుదేరిన సౌదీ విమానమును, ఢిల్లీకి వచ్చుచున్న కజకస్తాను విమానమును ఢీకొని 349 మంది మరణించిరి. ఒక్కరును బ్రతుకలేదు. సౌదీ విమానము పదునాలుగువేల అడుగులయొద్దను, కజకు విమానము పదునైదువేల అడుగులయొద్దను ఉండవలసియుండెను. కజకు విమానము తన మట్టమును దాటి దిగివచ్చినది. నాటి ఢిల్లీ రాడారు విమానము ఎచ్చటనున్నదో చూపునేగాని, ఎంత ఎత్తుననున్నదో చూపజాలదు. వచ్చుదారి, పోవుదారి ఒక్కటియే. హెచ్చరిక పెట్టె రెండింటిలోను లేదు. సౌదీ విమానమున చనిపోయినవారిలో పెక్కుమంది పొట్టకూటికై పరదేశమునకు పోవు మన భారతీయులే. శకలములును శవములును రైతుల పొలములలో రాలినవి. జస్టిస్ లాహోటీగారి విచారణసంఘము పిమ్మట రాకపోకల దారులు వేఱుపడినవి, ఎత్తుచూపు రాడారు వచ్చినది, హెచ్చరిక పెట్టె తప్పనిసరియైనది. ఇవన్నియు ముందే తెలిసిన మందులు. రోగి చచ్చిన పిమ్మట వైద్యుడు సంచి విప్పెను.

రెండవ పాఠము 2002 జూలై 1 రాత్రి జర్మనీలోని యూబర్లింగెను పైని జరిగినది. బడిపిల్లలతో పోవుచున్న రష్యా విమానమును, సరకుల విమానమును ఎదురుపడినవి. ఈసారి పెట్టెలు రెండింటిలోను కలవు. రెండును సరిగానే పనిచేసినవి. రష్యా విమానమును పెట్టె పైకి పొమ్మనెను. జూరిచ్చినందలి నియంత్రణాధికారి క్రిందికి దిగుమనెను. వారు అధికారి మాట వినిరి. సరకుల విమానమువారు తమ పెట్టె మాట విని తామును దిగిరి. 71 మంది మడిసిరి. ఆ రాత్రి ఆ అధికారి ఒంటరిగా రెండు తెరలయొద్ద కూర్చుండెను. తోడివాడు విశ్రాంతికి పోయెను. రాడారు మరమ్మతులో ఉండి, నేలమీది హెచ్చరిక పనిచేయలేదు. ముఖ్యమైన టెలిఫోను తంతి ఆగిపోవుటచే, ప్రమాదమును కనిపెట్టిన పొరుగు కేంద్రమువారు ఎంత ప్రయత్నించినను పలుకు అందలేదు. నేలమీది కావలిని నాలుగువైపుల బలహీనపఱచి, పైని పెట్టెను పెట్టినచో ఏమగునో దీనికంటె స్పష్టముగ చెప్పు సాక్ష్యము వేఱొకటి లేదు.

మూడవ పాఠము నిన్నమొన్నటిది. 2025 జనవరి 29 రాత్రి అమెరికా రాజధానియైన వాషింగ్టనున దిగుచున్న ప్రయాణవిమానమును సైనిక హెలికాప్టరు ఢీకొని 67 మంది మరణించిరి. నేలకు మిక్కిలి సమీపమున పెట్టె ఆజ్ఞలీయదు. అట్లు ఈయకుండుటకే అది నిర్మింపబడినది. ఏలయన, అచ్చట దిగుమని ఆజ్ఞాపించుట నేలను ఢీకొమ్మనుటయే యగును. కనుక చోదకులకు వినవచ్చినది "ట్రాఫిక్" అను కేకయే. ఇంతకంటె ఘోరమైన విషయము విచారణలో బయటపడినది. 2021 అక్టోబరునుండి 2024 డిసెంబరువఱకు ఆ ఒక్క విమానాశ్రయముకడ విమానములును హెలికాప్టరులును మితిమీఱి దగ్గఱకు వచ్చిన సందర్భములు 15,214. అందు 85 మిక్కిలి భయంకరములు. ఈ లెక్కలన్నియు ప్రభుత్వపు భాండాగారమునందే యుండెను. చదివి మేల్కొనినవాడు లేడు. సైనికులును సామాన్యులును ఆకాశమును పంచుకొను బీదరు ప్రక్కన నివసించు మనము ఈ పాఠమును మఱువవచ్చునా?

హెచ్చరికను దాచుట వలన కలుగు నష్టమునకు జపాను తార్కాణము. 2001 జనవరి 31న ఆ దేశమున రెండు విమానములు ఢీకొనబోయినవి. అచ్చటను నేలమీది అధికారి మాట ఒకటి, పెట్టె మాట ఒకటి. చోదకుడు అధికారి మాటనే విని, కడపటి క్షణమున కంటితో చూచి తప్పించెను. రమారమి నూరుమంది గాయపడిరి, ప్రాణములు మాత్రము దక్కినవి. రెండు మాటలు విరుద్ధమైనపుడు ఏది శిరోధార్యము? ఈ ప్రశ్నకు సర్వలోకమునకును వర్తించు ఖండితమైన సమాధానమును నాడే చెప్పియుండిన యూబర్లింగెను బిడ్డలు బ్రతికియుందురేమో! కాని జపాను విచారణసంఘపు నివేదిక వెలువడినది 2002 జూలైలో, ఆ బిడ్డలు చనిపోయిన కొలది దినములకు. పెట్టె ఆజ్ఞయే పాటింపదగినదని అంతర్జాతీయ నియమము నిష్కర్షగా స్థిరపడినది ఆ తరువాతనే. పదునేడు మాసములు ఆ జ్ఞానము కాగితములలో నిద్రించెను.

ఇక శిక్షల సంగతి. న్యాయస్థానములలో తిరుగువారమగుటచే ఈ భాగము మా మనస్సును విశేషముగ ఆకర్షించినది. జపానులో ఇద్దఱు నియంత్రణాధికారులపై నేరము మోపిరి. క్రింది న్యాయస్థానము విడిచిపెట్టినను, పైకోర్టు శిక్షించెను; 2010లో అత్యున్నత న్యాయస్థానము ఆ శిక్షను స్థిరపఱచెను. స్విట్జర్లండులో 2007న న్యాయస్థానము వేఱుదారి త్రొక్కెను. ఆ రాత్రి తెరయెదుట కూర్చున్నవానికంటె, ఒంటరిగా కూర్చుండబెట్టిన ఏర్పాటుపై దృష్టి నిలిపి, నియంత్రణసంస్థలోని నలుగురు పర్యవేక్షకులను నిర్లక్ష్యముచే ప్రాణహాని కలిగించిన దోషులుగ తీర్మానించెను. అప్పటికే ఆ నియంత్రణాధికారి ఈ లోకమున లేడు. బిడ్డలను కోల్పోయిన ఒక తండ్రి 2004లో అతనిని పొడిచి చంపెను. ఈ రెండు తీర్పులలో ఏది ఆకాశమును మఱింత క్షేమకరము చేయును? పొరపాటును చెప్పినవానికి చెఱసాల తప్పదన్నచో, రేపటినుండి ఎవడు పొరపాటును చెప్పును?

చెప్పకపోవుట ఎట్లుండునో మన దేశమునందే చూచితిమి. 2022 జనవరి 7 ఉదయమున బెంగుళూరులో రెండు ఇండిగో విమానములు సమాంతరమైన రెండు రన్‌వేలనుండి ఒకే సమయమున పైకి లేచి ఒకదానివైపొకటి మొగ్గినవి. 426 మంది ప్రాణములు వానిలో నుండెను. ఒక రన్‌వేతోనే పని నడుపవలెనని పైవారు నిర్ణయించిరి. ఆ మాట రెండవ గోపురమునందలి అధికారికి చేరలేదు. నేలకు సమీపమైనందున పెట్టెపై ఆశపెట్టుకొనుటకు వీలులేని తావది. నాడు కాపాడినవాడు రాడారు తెరను కనిపెట్టి, రెండు విమానములను చెఱియొక దిక్కునకు మరలించిన ఒక మనుష్యుడు. ఇది జరిగినట్లు ఏ దినచర్య పుస్తకమునను వ్రాయలేదనియు, విమానాశ్రయ ప్రాధికార సంస్థవారు తమకు తెలుపలేదనియు పౌరవిమానయాన డైరెక్టరేటువారు కనుగొనిరి. పదిదినములు దాటినగాని లోకమునకు తెలియలేదు. యంత్రము కాపాడిననాడు యంత్రమునకు జయజయధ్వానములు చేయుదురు. మనుష్యుడు కాపాడిననాడు పుస్తకమున ఒక పంక్తియైనను వ్రాయరు!

మాపై రెండు ఆక్షేపణలు రాగలవు. మొదటిది: విమానప్రయాణమంత క్షేమకరమైన ప్రయాణము వేఱొకటి లేదు, ఇట్టి వ్రాతలు జనులను భయపెట్టునని. విమానప్రయాణము క్షేమకరమనుటను మేమును ఒప్పుకొందుము. అది క్షేమకరమైనది మూసిపెట్టుటచే కాదు. ప్రతి ప్రమాదమును పదిమంది యెదుట విప్పి పరిశీలించుటచే. బ్రిటనులో విమానములు ప్రమాదకరముగ దగ్గఱకు వచ్చిన సంఘటనలను పరిశీలించుటకే ప్రత్యేకమైన మండలి కలదు. సైనికవిమానములును దాని పరిశీలనకు లోబడియే యుండును. వ్యక్తుల పేరులు చెప్పక, నిందలు మోపక, ఏమి జరిగినదో ఏల జరిగినదో అది బహిరంగముగ ప్రకటించును. అచ్చటి జనులు దానిని చదివి విమానమెక్కుట మానలేదు.

రెండవ ఆక్షేపణ: యంత్రములు దినదినము మెఱుగగుచున్నవి, మనుష్యుల సంఖ్యపై చింత యేలయని. దీనికి మన ఊరి రైలుమార్గమే జవాబు చెప్పును. రైళ్లు ఢీకొనకుండ చేయు "కవచ్" అను ఏర్పాటును దక్షిణమధ్య రైల్వేవారు మొదట పరీక్షించిన మార్గములలో మన జహీరాబాదు మీదుగ పోవు వికారాబాదు–బీదరు మార్గమొకటి. 2016లో ప్రయాణికుల రైళ్లపై దాని పరీక్షలు ఆరంభమైనవి. ఎఱ్ఱదీపమును చోదకుడు దాటబోయినచో అది బ్రేకులు వేయును. మెచ్చదగినదే! కాని కవచము వచ్చినదిగదా యని స్టేషను మాస్టరును ఇంటికి పంపుదమా? సిగ్నళ్లను బాగుచేయుట మానుదమా? నేలమీద ఎవరును ఒప్పుకొనని తర్కమును ఆకాశమున ఏల ఒప్పుకొనవలెను?

మనుష్యుల సంఖ్యపై మా చింత ఊరక పుట్టినది కాదు. 2025 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘమువారు విమానయాన క్షేమమునుగూర్చి సమర్పించిన నివేదికను చూడుడు. పర్యవేక్షణ చేయవలసిన డైరెక్టరేటులో మంజూరైన 1,063 ఉద్యోగములలో 553 మాత్రమే నిండియుండెనని వారు బయటపెట్టిరి. నియంత్రణాధికారుల కొఱతనుగూర్చియు, అలసటనుగూర్చియు ఆందోళన వెలిబుచ్చిరి. పనివేళల పరిమితినుండి మినహాయింపు లిచ్చుటను తప్పుపట్టిరి. లారీ చోదకుడు నిద్రమత్తులో బండి నడిపినచో చలానా వ్రాయు ప్రభుత్వము, వందలమంది ప్రాణములను కాచువాని కనుఱెప్పలపై మినహాయింపు పత్రము నంటించుట న్యాయమా? మఱియు నియంత్రణ నడుపు ప్రాధికార సంస్థ, దానిని పర్యవేక్షించు డైరెక్టరేటు, ప్రమాదములను విచారించు బ్యూరో, ఈ మూడును ఒకే మంత్రిత్వశాఖ నీడన ఉన్నవి. ముద్దాయి, పోలీసు, న్యాయాధిపతి ఒకే యింటి అన్నదమ్ములైనచో తీర్పునందు ఎవరికి విశ్వాసము కలుగును?

మా కోరికలు నాలుగు. మొదటిది, ఢీ హెచ్చరిక ఆజ్ఞయిచ్చిన ప్రతి సంఘటనయు, నియమిత ఎడము తప్పిన ప్రతి సంఘటనయు, పేరులు లేకుండ, గడువులోపల, సామాన్యులకు తెలియు భాషలలో ప్రకటింపబడవలెను. ఆ భాషలలో తెలుగు నుండవలెను. రెండవది, నియంత్రణాధికారుల పనివేళలకు మినహాయింపులు రద్దు కావలెను, ఖాళీలు నిండవలెను. బేగంపేటలో నియంత్రణ విద్య గఱపు శిక్షణాకేంద్రము కలదు. చదువుకొన్న తెలుగు యువకులకు కొదవ లేదు. మూడవది, విచారణ సంస్థ మంత్రిత్వశాఖనుండి వేఱుపడి పార్లమెంటునకు జవాబుదారి కావలెను. సైనిక, పౌర ఆకాశముల ఉమ్మడి సంఘటనలు సైతము దాని పరిధిలోనికి రావలెను. నాలుగవది, తన పొరపాటును తానై తెలిపినవానికి రక్షణయు, దానిని దాచిన పైయధికారికి శిక్షయు చట్టమున ఉండవలెను.

పట్టణములందలి పఠనమందిరములవారు ఈ నాలుగింటిని తీర్మానములుగ ఆమోదించి తమ పార్లమెంటు సభ్యునకు పంపవలెనని మా మనవి. మహాసభలు అక్కరలేదు, పదిమంది సంతకములతో ఒక కాగితము చాలును. చర్ఖీదాద్రి పొలములలో 349 శవములు రాలిన పిమ్మటగాని మన ఢిల్లీకి రెండు దారులు తోచలేదు. మఱియొక రాడారునకు, మఱియొక నియమమునకు, మఱికొన్ని ఉద్యోగముల భర్తీకి అంత వెల మరల చెల్లింపవలెనా? హెచ్చరిక పెట్టె తన పని తాను చేసినది; ఇన్నిమార్లు మ్రోగినది. అది విమానచోదకునకు మాత్రమే మ్రోగుచున్నదని ప్రభుత్వమువారు భావించుచున్నారు. అది మ్రోగునది వారికొఱకును.